తాయారమ్మ పూజగంట

దుర్గ్ నుంచి పవర్‌హౌస్ పోయే షేర్ ఆటోలో నరసింగరావు తన కీబోర్డును, నిద్రపోయిన పిల్లాణ్ని ఆనించుకున్నట్టు, భుజానికి ఆనించుకుని కూర్చున్నాడు. నల్లసంచిలో ఉన్న ఆ వాయిద్యాన్ని పడుకోబెడితే ముగ్గురి చోటు తింటుంది, నిలబెడితే ఆటో కప్పుకి తగులుతుంది. అందుకని ఎప్పుడూ ఇదే వాలకం. డ్రైవరు అమ్మవారి పాటలు పెట్టాడు. ఛత్తీస్‌గఢీ పాట, మాందర్ డోలు మోత, మధ్య మధ్య గుడిగంట. ఆ గంట నరసింగరావు కీబోర్డు మీద చేసిందే. ఏ సంవత్సరం చేశాడో, ఏ స్టూడియోలో చేశాడో చెప్పలేడు గాని, తన గంటని తాను పోల్చుకోలేకపోవడమంటూ ఉండదు. ఎదురుగా కూర్చున్న కూరగాయలమ్మి ఆ గంట మోగినప్పుడల్లా చెయ్యి నుదుటికి ఆనించుకుంటోంది. నరసింగరావు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నెహ్రూనగర్ చౌక్‌లో ఆటో ఆగింది. తెల్లపంచె, భుజాన గుడ్డసంచి, చేతిలో ఊతకర్రతో ఒక ముసలాయన కాలు పైకి పెట్టబోయి ఆగిపోయాడు.

"జరా ఖిసకో భయ్యా! ఈ నల్లమూట ఎవరిది బాబూ, మనిషి కంటే ఇదే ఎక్కువ చోటు పుచ్చుకుంది!"

నరసింగరావు తలెత్తాడు. ఆ గొంతు కోసమే చలికాలం నుంచీ భిలాయి అంతా తిరుగుతున్నాడు. ఆదిశేషు పంతులు. ఈ ఊరి తెలుగువాళ్ల పెళ్లిళ్లకీ, చావులకీ, నడుమ వచ్చే అన్ని వ్రతాలకీ ఆయనే.

"పంతులుగారూ! ఎక్కడికెల్లిపోనారండి మీరు? ఇంటికొస్తే తాళం, ఫోను కలవదు..."

"ఓహో, నరసింగరావుగారా! ఇదేమిటండీ, సగం మనిషయ్యారు!" పంతులు కర్ర సర్దుకుంటూ కూలబడ్డాడు. "జగదల్‌పూర్‌లో మా అల్లుడి దగ్గర ఉండిపోయానండీ. మోకాలికి ఆపరేషను. కొత్త మోకాలు, కొత్త ఫోను. పాతది మంత్రాలొక్కటే. ఏం పని పడింది నాతో?"

"గంట కావాలండి."

"ఏ గంట?"

"మా తాయారు గంట. పదకొండో రోజున మీకిచ్చీసేనే, అది."

పంతులు నవ్వబోయి, ఎదటి మనిషి మొహం చూసి, నవ్వు మింగేశాడు.

ఆ గంట సంగతి తెలియాలంటే నరసింగరావు సంగతి కొంత చెప్పుకోవాలి. ఆయన తండ్రి చీపురుపల్లి అవతల ఒక పల్లె నుంచి, భిలాయి ఉక్కు కార్ఖానా కడుతున్న రోజుల్లో, ఒక ట్రంకుపెట్టెతో వచ్చి దిగిన మనిషి. పట్టాలు తయారయ్యే మిల్లులో చేరి, ఎర్రగా కాలిన పట్టాల మధ్య తిరిగి తిరిగి చెవులు పోగొట్టుకుని రిటైరయ్యాడు. కొడుకుని ప్లాంటులో వేయించాలని ఆయన ఆశ. కొడుక్కి మాత్రం తెలుగువాళ్ల భజనమండలిలో హార్మోనియం దొరికింది. ఆ తర్వాత ఆర్కెస్ట్రాలు వచ్చాయి, హార్మోనియం పోయి కీబోర్డు వచ్చింది. పెళ్లిబరాతులు, గణేశ్ పందిళ్లు, జాగరణలు. "రాత్రంతా మేలుకునే ఉద్యోగమే చేస్తున్నావు, ఆ మేలుకునేదేదో ప్లాంటులో మేలుకుంటే జీతమేనా వచ్చును" అని తండ్రి అరుస్తూ అనేవాడు. చెవిటివాళ్లు మెల్లిగా అనలేరు గదా, కాలనీ అంతా వినేది.

ఈ ఊళ్లో శబ్దాలకి కరువు లేదు. సైరన్లు, గూడ్సు బళ్లు, ఎక్కడో ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు. అన్నిటినీ వదిలి నరసింగరావు గంటల వెంట పడ్డాడు. కారణం చాలా చిన్నది. పాత కీబోర్డుల్లో గంట అని ఒక మీట ఉండేది. నొక్కితే కుల్ఫీబండి వచ్చిందనుకుని పిల్లలు బయటికి పరిగెత్తేవారు. ఒక జాగరణలో అమ్మవారి హారతి సమయానికి ఆ మీట నొక్కితే జనం నవ్వారు. ఆ నవ్వు ఆయనకి పట్టుకుంది. డోంగర్‌గఢ్ అమ్మవారి కొండెక్కి మెట్ల పక్కన వేలాడే గంటలన్నీ కొట్టి చూశాడు. బస్తరులో మైనం బొమ్మ చేసి దాని మీద మట్టి పూసి ఇత్తడి పోసేవాళ్ల దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాడు. తిరిగొచ్చి కీబోర్డు మీద మీటలన్నీ నొక్కి, మరలన్నీ తిప్పి, తేల్చుకున్నదేమిటంటే, గంటలో ఒక స్వరం ఉండదు, ఒక కాపురం ఉంటుంది. తీగలో పుట్టే చిన్న స్వరాలన్నీ పెద్దస్వరానికి లెక్క ప్రకారం పుట్టిన బిడ్డలు. గంటలో అలా కాదు. ఒకరితో ఒకరికి పొత్తు కుదరని వాళ్లంతా ఒకే ఇంట్లో ఉంటారు. అడుగున ఒక బరువైన మూలుగు. దాని మీద అసలు స్వరం. ఆ పైన కాస్త దిగులు గొంతు, హిందుస్థానీ వాళ్లు కోమల గాంధారం అనేది. అందుకే చాలా గంటలు పెళ్లిలో మోగినా కొంచెం ఏడుస్తున్నట్టే ఉంటాయి. పైవాళ్లు ముందు పోతారు, అడుగున ఉన్నది ఆఖర్న పోతుంది. ఒకే స్వరాన్ని రెండు పెట్టి వాటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉంచితే నాదం వణుకుతుంది. ఆ వణుకు లేనిది గంట కాదు, గ్లాసు.

దూరదేశాల్లో పెద్దగంటలు పోతపోసేవాళ్లు ఇంకో వింత చెబుతారు. గంట కొట్టగానే చెవికి తోచే స్వరం ఒకటుంటుందట. యంత్రం పెట్టి వెతికితే అది ఆ గంటలో దొరకదట. తక్కినవన్నీ కలిసి చేరేసరికి చెవే దాన్ని కల్పించుకుంటుందట. నరసింగరావుకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకెంత తిరిగేవాడో.

ఆయన తన పనికి మూడు పేర్లు పెట్టుకున్నాడు. దెబ్బ, ఒళ్లు, తోక. నాలుక వచ్చి లోహాన్ని తాకే ఆ రెప్పపాటు గలగల దెబ్బ. తర్వాత నిండుగా నిలిచేది ఒళ్లు. సన్నబడుతూ పోయేది తోక. "దెబ్బ కుదిరితే గంట కుదిరినట్టే" అని శిష్యులకి చెప్పేవాడు. ఏ గంటైనా దెబ్బ దగ్గరే మొదలుపెట్టేవాడు. స్టూడియోల వాళ్లు ఆయన్ని 'ఘంటీవాలే భయ్యా' అని పిలిచేవారు. గుడిగంట, బడిగంట, ఎద్దుల మెడగంట, ఏది కావాలన్నా చేసి పెట్టేవాడు. విన్నవాళ్లు నిజం గంట ఎక్కడుందా అని వెతికేవారు.

ఇంత చేసిన మనిషి ఇంట్లో ఒక నిజం గంట ఉంది. తాయారమ్మ బొబ్బిలి నుంచి కాపురానికి వస్తూ తెచ్చుకున్న పూజగంట. కోహ్కాలో రెండు గదుల ఇల్లు. ఆయన ఆర్కెస్ట్రా ముగించుకుని తెల్లవారుజామున వచ్చి, ఆవిడ పెట్టింది తిని, దుప్పటి ముసుగెట్టి పడుకునేవాడు. ఆవిడ గది తలుపు దగ్గరికి వేసి, స్నానం చేసి, వంటింటి మూల దేవుడి దగ్గర దీపం పెట్టి గంట కొట్టేది. ఆయన లేచేసరికి మధ్యాహ్నం. ముప్ఫై ఏళ్లకి పైబడి ఇదే కాపురం. గంట వల్ల ఆయనకి ఎన్నడూ మెలకువ రాలేదు.

నిరుడు దసరా వెళ్లిన కొత్తల్లో జ్వరంగా మొదలై, వారం తిరక్కుండా ఆవిడ వెళ్లిపోయింది. పదకొండో రోజున పంతులు దానాలు చెబుతూ, "ఆవిడ రోజూ వాడిన వస్తువు ఏదైనా ఇంట్లోంచి తెచ్చి పెట్టండి" అన్నాడు. నరసింగరావు లోపలికి వెళ్లాడు. ఆవిడ రోజూ ఏం వాడేదో ఆయనకి తెలియదు. మొదట కంటబడింది గంట. తెచ్చి గొడుగు పక్కన, చెప్పుల పక్కన పెట్టాడు. పంతులు సంచిలో వేసుకుంటుంటే అది ఒక్కసారి చిన్నగా మోగింది. ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాటి నుంచే ఆయనకి తెల్లవారుజామున మెలకువ రావడం మొదలైంది. ఇన్నేళ్లూ గంట మోగుతుంటే నిద్రపోయిన మనిషి, మోగకపోవడం వల్ల లేచి కూర్చునేవాడు. ఏటి సూతకమని ఇంట్లో దీపమూ లేదు, గంటా లేదు. లేచి కూర్చుని ఏం చేస్తాడు, కీబోర్డు ముందేసుకున్నాడు. వచ్చిన విద్య అదే గదా. ఊరందరి గంటలూ చేసినవాణ్ని, నా ఇంటి గంట చెయ్యలేనా అనుకున్నాడు. చెయ్యలేకపోయాడు. దెబ్బ పదిరకాలుగా మార్చాడు. ఇత్తడి చేశాడు, కంచు చేశాడు. ప్రతిదీ చక్కని గంటే. ఏదీ ఆ గంట కాదు. వైశాలినగర్‌లో వేరుగా ఉన్న కొడుకు రవికాంత్ ఒక కొత్త పూజగంట కొని తెచ్చాడు.

"నాన్నా, సేమ్ టు సేమ్ ఇలాంటిదే గదా, చూడు."

తండ్రి దాన్ని ఒకసారి మోగించి కింద పెట్టేశాడు. "ఇది వేరే ఆవిడదిరా" అన్నాడు.

ఏడాది దినం దగ్గరపడుతోంది. ఆ రోజు దాటితే ఇంట్లో మళ్లీ దీపం పెట్టుకోవచ్చు. దీపంతో పాటు మోగవలసింది అదొక్కటే. ఆ లోగా అసలు గంట ఒక్కసారి చెవిని పడితే చాలు, మిగతాది తను చూసుకుంటాడు. అందుకే పంతులు కోసం ఆ తిరుగుడు.

"ఉందండీ, ఉంది, భద్రంగానే ఉంది," అన్నాడు ఆదిశేషు పంతులు ఆటోలో గొంతు తగ్గించి. "నా దగ్గర లేదు. రుఆబాంధాలో ఒకళ్లింట్లో ఉంది. కుర్రాడికి కొత్తగా క్వార్టరిచ్చారు, పాలు పొంగించడానికి వెళ్లాను. వాళ్లింట గంట లేదు. నా సంచిలోది తీసి కొట్టాను. అంతే, ఆ కుర్రాడి తల్లి అప్పలనర్సమ్మ అని ఒకావిడ ఉంది లెండి, 'పంతులుగారా, ఎంత బాగా మోగతంది, నాకిచ్చీండి' అని పట్టుకు వదల్లేదు."

"అయితే పదండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"నేను సుపేలాలో దిగి టీ తాగుదామనుకున్నానండీ."

"అక్కడ తాగుదురు గాని."

సుపేలాలో దిగి, లైను దాటి, సెక్టార్ల వైపు ఇంకో ఆటో పట్టుకున్నారు. దారంతా పంతులు ఒకటే పాట. "మాస్టారూ, ఒక్క మాట. అది అపరకర్మల నాడు పుచ్చుకున్న వస్తువని ఆవిడకి తెలీదు. తెలిసిందంటే గంట నా నెత్తిన విసిరి, ఆనక ఇల్లంతా కడుక్కుని, భిలాయి అంతా చాటుతుంది. మీ ఇంట్లో ఏటి సూతకం ఉందన్న మాటా అనకండి. మీరు మ్యూజిక్ వారు, గంట చప్పుడు రికార్డు చేసుకోవడానికి వచ్చారు. సమఝ్ గయే?"

"అబద్ధం కాదు గదండీ అది," అన్నాడు నరసింగరావు.

రుఆబాంధాలో క్వార్టర్లన్నీ ఒకే పోలిక. ఒక గుమ్మం ముందు తెలుగు ముగ్గు ఉంది. పంతులు ఆనవాలు పట్టింది దాన్నే. అప్పలనర్సమ్మ వరండాలో చింతపండు గింజలు తీస్తోంది.

"రండి రండి పంతులుగారా! సెప్పా పెట్టకుండ ఇలగొచ్చీసేరేటి? మోకాలెలగుంది? అయ్యో, ఈ బావెవులు, ఆ మూటేటి?"

"ఈయన పెద్ద మ్యూజిక్ మాస్టారమ్మా. అమ్మవారి పాటల్లో గంట వినబడుతుంది చూడు, అది ఈయనే."

"గంట ఈయనేటండి, మడిసి గదా!" ఆవిడ పకపకా నవ్వి లోపలికి కేకేసింది. "హేమశ్రీ! ఓలమ్మా, టీ ఎట్టు! మన గంట రికాడింగు సేత్తారట!"

హేమశ్రీ, ఆవిడ కోడలు, తడిచేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చింది. భిలాయిలో పుట్టి పెరిగిన పిల్ల. "నమస్తే అంకుల్. బైఠియే నా. ఆయన సెకండ్ షిఫ్టులో ఉన్నారు," అంది. తెలుగు ఒక్కొక్క అడుగూ చూసి వేస్తున్నట్టు మాట్లాడుతుంది. వెళ్లి గంట తెచ్చి నరసింగరావు చేతికిచ్చింది.

ఆయన దాన్ని పట్టుకుని చాలాసేపు చూశాడు. పిడి మీద గరుత్మంతుడు. తోమి తోమి ముక్కూ మొహం అరిగిపోయాయి. అంచు మీద ఒక చిన్న నొక్కు. ఈ నొక్కు తాయారు గంటకి ఉండేదా? గరుత్మంతుడేనా, హనుమంతుడా? ఆయనకి తెలియలేదు. మెల్లిగా మోగించాడు. సన్నని, పదునైన చప్పుడు. పళ్లు జివ్వుమన్నాయి.

"ఇది కాదండి," అన్నాడు.

పంతులు ఆయన మోకాలి మీద గిల్లాడు. "అదేనండీ బాబూ. ఈ సంచిలోకి వచ్చింది అదొక్కటే, ఈ సంచిలోంచి పోయింది అదొక్కటే."

"కాదండి. నాకు తెల్దా?"

"ఏటి కాదంటన్నారు?" అంది అప్పలనర్సమ్మ, చేట పక్కకి పెట్టి.

"ఈయన అనుకున్న గంట కాదంటున్నారమ్మా. అంటే, మ్యూజిక్కుకి సరిపోయేది కాదని," అని పంతులు దిద్దాడు.

నరసింగరావు సంచి విప్పి కీబోర్డు ఒళ్లో పెట్టుకున్నాడు. ఏడాదిగా చేసిన వాటిలో అన్నిటికంటే దగ్గరగా వచ్చిందనుకున్నది మోగించాడు. అది గదంతా నిండి, గోడల్ని పట్టుకుని వణికి, ఎంతసేపటికో సన్నగిల్లింది. హేమశ్రీ కళ్లు పెద్దవి చేసింది.

"వావ్ అంకుల్! మీదే బాగుంది. హమారా వాలా తో టిన్ టిన్ కర్తా హై."

"అవునమ్మా, గుళ్లోకెల్లినట్టుంది," అని అప్పలనర్సమ్మ లెంపలు వేసుకుంది. "బావూ, మా గంట మీరట్టుకెల్లిపోయి, ఈ పెట్టి నాకిచ్చీండి!"

అందరూ నవ్వారు. నరసింగరావు కూడా నవ్వబోయాడు గాని ఆ పని కాలేదు. తను చేసింది తనకే పరాయిగా వినబడింది. దీని కంటే పెద్దది, దీని కంటే అందమైనది చేసుకుంటూ పోయాడు. ఏడాది పాటు ఆవిడ గంట అనుకుంటూ గుడిగంట కట్టుకుంటూ పోయాడు. ఎదురుగా ఉన్నది ఆవిడదో కాదో చెప్పలేకపోతున్నాడు. చూసి చెప్పలేడు, విని చెప్పలేడు.

హేమశ్రీ టీ తేవడానికి, అత్తగారు గ్లాసులు చూపడానికి లోపలికి వెళ్లగానే పంతులు ముందుకి వంగాడు. "ఏమిటండీ మీ వరస? ముప్ఫై ఏళ్లు మీ ఇంట్లో మోగిన గంట. పిడి మీద ఏముందో తెలీదంటారా?"

"తెల్దండి."

"ఎప్పుడూ చూళ్లేదూ?"

"ఆవిడ పూజ వేళకి పడుకునుండేవోణ్ని."

"మరి ఏం విన్నారండీ మీరు? మీ ఇంట శ్రావణమాసం నోముకి వచ్చినప్పుడు నేను చూశాను. ఆవిడ కుడిచేత్తో హారతి తిప్పుతూ ఎడంచేత్తో గంట కొట్టేది. ఎడంచెయ్యి గనక తడబడేది, ఆగేది, మళ్లీ మోగేది. మీరు పక్కగదిలో ముసుగెట్టి గురకపెడుతున్నారు. 'ఆయన్ని లేపమ్మా' అంటే, 'వొద్దండి, రాత్రల్లా మేలుకున్నారు' అంది."

నరసింగరావు ఒళ్లో ఉన్న కీబోర్డు వైపు చూశాడు. దెబ్బ. ఇన్నాళ్లూ దెబ్బ దగ్గర మొదలుపెట్టాడు. ఆయన ఎన్నడూ ఆ దెబ్బ విననే లేదు. పదును, గలగల, పైన తిరిగే చిన్నస్వరాలు, అన్నీ తలుపు దగ్గరే ఆగిపోయేవి. తలుపూ దుప్పటీ నిద్రా దాటుకుని ఆయన దాకా వచ్చేది అడుగున ఉన్న ఆ మూలుగొక్కటే. ఆయనకి తెలిసిన తాయారమ్మ గంట ఇత్తడిది కాదు, చెక్కతలుపుదీ, దూదిదీనూ.

హేమశ్రీ టీ గ్లాసులతో వచ్చింది. బయట వెలుగు తగ్గుతోంది.

"అమ్మా," అన్నాడు నరసింగరావు, "మీ దేవుడి మూల ఎక్కడ?"

"కిచెన్‌లో అంకుల్."

"దీపం పెట్టే వేళయింది గదా. నువ్వు మామూలుగా పెట్టుకో. హారతి కుడిచేత్తో ఇచ్చి, గంట ఎడంచేత్తో కొట్టాల. ఈ తలుపు మూసీ. నేనీ దివాన్ మీద పడుకుని వింటాను."

"పడుకునా?"

అప్పలనర్సమ్మ పంతులు వైపు చూసింది. చూపుడువేలు కణత దగ్గర తిప్పి, ఏటీ అని కళ్లతో అడిగింది.

"రికార్డింగు పద్ధతమ్మా," అన్నాడు పంతులు, ముచ్చెమటలు తుడుచుకుంటూ. "పెద్దపెద్ద స్టూడియోల్లో అంతా పడుకునే వింటారు."

"అలగైతే మా ఆయన బతికున్నన్నాళ్లూ స్టూడియోలోనే ఉన్నాడన్నమాట," అని ఆవిడ గొణుక్కుంటూ కోడలి వెంట లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

నరసింగరావు దివాన్ మీద వెల్లకిలా పడుకుని, భుజం మీది తువ్వాలు తీసి మొహాన కప్పుకున్నాడు. లోపల కుళాయి తిరిగింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. అత్త ఏదో చెబుతోంది, కోడలు "హా మమ్మీజీ" అంటోంది. తర్వాత కాసేపు ఏమీ లేదు.

అప్పుడు గంట మోగింది.

మోగి, తడబడి, ఆగి, మళ్లీ అందుకుంది. పదునంతా తలుపు అవతలే ఉండిపోయింది. లోపలి నుంచి లోపలికి వచ్చినట్టు, మెత్తగా, దగ్గరగా, కొంచెం దిగులుగా. వెతకనక్కర్లేదు, పోల్చనక్కర్లేదు. కోహ్కా ఇంట్లో, చలికాలపు తెల్లవారుజామున, కాళ్ల దగ్గర దుప్పటి ముడిపడి ఉన్నప్పుడు వచ్చే గంట. ఎడంచెయ్యి అలిసింది. ఇంకొక్కసారి మోగింది. అయిపోయింది.

పంతులు కుర్చీ ముందుకి జరిపాడు. "అదేనా?"

తువ్వాలు కదల్లేదు. పంతులుకి జవాబు అర్థమై, వెనక్కి జరిగి, కిటికీలోంచి బయటికి చూడసాగాడు. 'ఇక చేసేస్తాను' అని నరసింగరావు తనలో తను అనుకుంటున్నాడు. 'పైవన్నీ తీసేస్తాను. అడుగుది ఒకటే ఉంచుతాను. ఎడంచేతి తడబాటు ఒకటి పెట్టాలి.' ఏడాది తర్వాత మొదటిసారి ఒళ్లు వదులయింది. నిజంగానే కాస్త మగత కమ్మింది.

తలుపు తెరుచుకుంది. కర్పూరం వాసన వచ్చింది.

"అంకుల్ సో గయే క్యా?" అంది హేమశ్రీ గుసగుసగా.

"నిద్దరోయినోల్లని లేపకమ్మా, పాపం," అంది అప్పలనర్సమ్మ. "హారతి మనవే అద్దాల. ఇలగ."

పంతులు ఉలిక్కిపడ్డాడు. ఏటి సూతకంలో ఉన్న మనిషికి హారతి ఏమిటని నోటిదాకా వచ్చింది. అంటే గుట్టు రట్టవుతుంది.

పిల్ల అరచెయ్యి మంట మీద పట్టి, ఆ వెచ్చదనాన్ని తెచ్చి, తువ్వాలు మీదుగా ఆయన నుదుటికి ఆనించింది. ఒక్క క్షణం. తీసేసింది.

నరసింగరావు పెద్దగా అదరలేదు. అదిరింది లోపల. ఇది ఆయనకి తెలుసు. గంట ఆగిన తర్వాత తలుపు కిర్రుమనేది, దుప్పటి మీదుగా ఒక వెచ్చని చెయ్యి నుదుటి మీద పడేది, లేచేది. రోజూ. ముప్ఫై ఏళ్లూ. నిద్రలో జరిగింది గనక నిద్రతోనే పోయేది; లేచాక ఎన్నడూ గుర్తు రాలేదు. గంట కోసం ఊరంతా తిరిగాడు, గంట కోసం ఏడ్చాడు. ఈ చెయ్యి ఒకటి ఉండేదన్న సంగతి ఏడాదిలో ఒక్కనాడు తలుచుకున్నవాడు కాదు. దీనికి ఏ మీట నొక్కుతాడు?

హేమశ్రీ పళ్లెంతో పంతులు వైపు తిరిగింది. పంతులు కళ్లకి అద్దుకుని, గొంతు సవరించుకుని, ఏదో మంత్రం అందుకున్నాడు. అప్పలనర్సమ్మ ప్రసాదం తేవడానికి వెళుతూ, "సెనగలు నిన్నటివే, ఏటీ అనుకోకండి," అంటోంది. నరసింగరావు లేచి కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. గంట బల్ల మీద, హేమశ్రీ పెట్టిన చోట, కర్పూరం పొగలో ఉంది. దాని వైపు చూశాడు గాని ముట్టుకోలేదు; దాన్ని పట్టుకెళ్లినా ఆ చెయ్యి రాదు. కీబోర్డు సంచిలో పెట్టి జిప్పు లాగి, భుజాన వేసుకున్నాడు. వరండాలో ఒక చెప్పు దొరికింది. రెండోది చీకట్లో కాలితో వెతుక్కుని తొడుక్కున్నాడు.

ముగ్గు తొక్కకుండా పక్క నుంచి దిగి, గేటు తీసి, మెల్లిగా మళ్లీ వేశాడు. క్వార్టర్ల మధ్య దారిలో సెకండ్ షిఫ్టు వాళ్ల కోసం ఎవరో కుక్కర్ పెట్టారు, ఎవరో టీవీ పెట్టారు. ఆటోలు దొరికేది ఎడమకి. ఇప్పుడే ఇంటికి పోబుద్ధి కాక ఆయన కుడికి తిరిగాడు.

"ఏవండీ బావు? రికాడింగు అయిపోనాదేటి?" వెనక నుంచి అప్పలనర్సమ్మ గొంతు వినిపించింది. "పంతులుగారా, మీతో వొచ్చినాయన ఏడండి? సెనగలేనా తినకుండ, సెప్పకుండ ఎలిపోనాడేటి?"

పంతులు ఏదో జవాబు చెప్పాడు. అది వినబడేంత దగ్గరలో నరసింగరావు లేడు. భుజం మీది సంచి మార్చుకుని, నడుస్తూనే ఉన్నాడు.